40 మీటర్ల బ్యాండ్‌కు డైపోల్ కట్టడం: వైరు కొలత నుంచి ఎస్‌డబ్ల్యూఆర్ సరిచేసే దాకా

హామ్ (అభిరుచి రేడియో) లైసెన్స్ చేతికొచ్చాక చాలామందికి తికమక రిగ్ (పంపే, వినే రేడియో సెట్టు) దగ్గర కాదు, యాంటెనా దగ్గర మొదలవుతుంది. రెసొనెన్స్, ఇంపెడెన్స్, ఎస్‌డబ్ల్యూఆర్, బాలన్, కామన్ మోడ్ కరెంట్, వెలాసిటీ ఫ్యాక్టర్ అంటూ సీనియర్లు మాట్లాడుకుంటుంటే తలాడించడం తప్ప ఏం చేయాలో తోచదు. నిర్వచనాలు బట్టీపట్టినా ప్రయోజనం తక్కువ. ఒక డైపోల్ (మధ్యలో కోసి, ఆ చోట కేబుల్ కలిపే వైరు యాంటెనా; రెండు సగాలూ దాని చేతులు) కట్టి, కొలిచి, సరిచేస్తే ఏ మాట ఎందుకు పుట్టిందో పని మధ్యలోనే తెలుస్తుంది. 7 మెగాహెర్ట్జ్ డైపోల్‌ను మొదటి నుంచి చివరిదాకా కట్టే పద్ధతి ఇది. దారిలో ఏ మాట అడ్డొస్తే అక్కడే దాని సంగతి చూద్దాం.

ఒక మాట ముందుగానే. వినడానికి ఈ యాంటెనాను ఎవరైనా వాడుకోవచ్చు గానీ, ప్రసారం చేయాలంటే మీ దేశపు లైసెన్స్ తప్పనిసరి. 40 మీటర్ల బ్యాండ్ ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్) ఒకటో, మూడో ప్రాంతాల్లో 7.000 నుంచి 7.200 మెగాహెర్ట్జ్ దాకా, అమెరికా ఖండాలున్న రెండో ప్రాంతంలో 7.300 దాకా ఉంటుంది. కింది లెక్కలన్నీ 7.100 మధ్యలో పెట్టుకుని వేసినవి.

కత్తెర పట్టే ముందు లెక్క

300ను మెగాహెర్ట్జ్‌లో ఉన్న ఫ్రీక్వెన్సీతో భాగిస్తే తరంగదైర్ఘ్యం మీటర్లలో వస్తుంది. 7.1కి అది 42.25 మీటర్లు, అందులో సగం 21.1 మీటర్లు. అయితే సరిగ్గా 21.1 మీటర్ల వైరు కడితే అది 7.1 దగ్గర కాక 6.75 ప్రాంతంలో పలుకుతుంది. వైరు చివరలకూ చుట్టుపక్కల వస్తువులకూ మధ్య ఉండే కెపాసిటెన్స్ వల్ల వైరు తన అసలు పొడవు కంటే కాస్త పొడుగ్గా ప్రవర్తించడమే కారణం. దీన్నే ఎండ్ ఎఫెక్ట్ అంటారు. అందుకే 300లో సగమైన 150 బదులు 142.6ను భాగిస్తాం: 142.6ను 7.1తో భాగిస్తే 20.08 మీటర్లు, అంటే ఒక్కో చేతికి 10.04.

ఇది తొడుగు లేని రాగి తీగకు. పీవీసీ తొడుగున్న వైరైతే ఇంకో 2 నుంచి 5 శాతం పొట్టిగా ఉండాలి, ఎందుకంటే ప్లాస్టిక్ పొరలో తరంగం నెమ్మదిస్తుంది. ఎంత శాతమో తొడుగు మందాన్ని బట్టి, వైరును బట్టి మారుతుంది. కాబట్టి ఏ సూత్రమూ చివరి కొలత చెప్పదు. అది ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో మాత్రమే చెబుతుంది.

రెసొనెన్స్ అంటే ఇదే: వైరు పొడవు ఫ్రీక్వెన్సీకి సరిపోయినప్పుడు, మధ్యలో కోసిన చోట యాంటెనా కేవలం ఒక రెసిస్టెన్స్‌లా కనిపిస్తుంది. మిగతా ఫ్రీక్వెన్సీల దగ్గర దానికి రియాక్టెన్స్ కూడా తోడవుతుంది. రెండూ కలిపి ఇంపెడెన్స్. కొలిచే పరికరం తెరమీద రెసిస్టెన్స్‌ను ఆర్ అని, రియాక్టెన్స్‌ను ఎక్స్ అని చూపిస్తుంది. ఎక్స్ ప్లస్‌లో ఉంటే ఆ ఫ్రీక్వెన్సీకి వైరు పొడుగైందని, మైనస్‌లో ఉంటే పొట్టిదైందని గుర్తు. ఇది గుర్తుంటే సగం పని అయినట్టే.

ఎక్కడ కట్టాలి

విద్యుత్ లైన్ల పైనుంచి గానీ, కిందనుంచి గానీ, పక్కనుంచి గానీ వైరు లాగకండి. చూడవలసింది వైరు ఇప్పుడు ఎక్కడుందన్నది కాదు, అది తెగినా, స్తంభం ఒరిగినా ఎక్కడ పడుతుందన్నది. పడినప్పుడు కూడా లైన్‌ను తాకే అవకాశం లేని చోటే ఎంచుకోవాలి. తాడు విసిరేటప్పుడు కూడా ఇదే నియమం. దీనికి మినహాయింపు లేదు.

రెండు ఎత్తైన చోట్లు దొరికితే వైరును అడ్డంగా, తిన్నగా కట్టండి. ఒక్కటే ఉంటే మధ్యభాగాన్ని పైకెత్తి రెండు చేతులనూ కిందికి వాలుగా దించే ఇన్వర్టెడ్ వీ పద్ధతి. మధ్య 9 మీటర్ల ఎత్తులో, చివరలు 3 మీటర్ల ఎత్తులో ఉంటే, 10 మీటర్ల చేతికి 6 మీటర్ల దిగుడు, 8 మీటర్ల అడ్డదూరం వస్తాయి. అంటే నేలమీద మొత్తం 16 మీటర్ల జాగా, పైన తాళ్లకు మరికొంత. చేతుల మధ్య కోణం 106 డిగ్రీలు వస్తుంది, బాగా పనిచేస్తుంది. కోణాన్ని 90 డిగ్రీల కంటే తగ్గించకండి. రెండు చేతుల్లోని కరెంట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం మొదలవుతుంది.

చివరలు మనిషి చేతికందని ఎత్తులో ఉండాలి. డైపోల్ మధ్యలో కరెంట్ ఎక్కువ, చివరల్లో వోల్టేజి ఎక్కువ. 100 వాట్ల దగ్గర కూడా చివర్లో వందల వోల్టులుంటాయి. తాకితే చర్మం కాలుతుంది. ఆ గాయం పైకి చిన్నగా కనిపించినా లోతుగా ఉంటుంది.

ఎత్తు గురించి ఆశలు సరిచేసుకోవాలి. ఈ బ్యాండ్‌లో 10 మీటర్లంటే పావు తరంగదైర్ఘ్యమే. అంత ఎత్తులో ఉన్న డైపోల్ శక్తిని ఎక్కువగా నడినెత్తికి పంపుతుంది. అది అయనావరణం నుంచి తిరిగొచ్చి కొన్ని వందల కిలోమీటర్ల పరిధిలో బాగా వినిపిస్తుంది. ఖండాంతరాలకు కావలసిన తక్కువ కోణపు ప్రసారం కావాలంటే 20 మీటర్ల ఎత్తు కావాలి. అది దొరికేవాళ్లు కొద్దిమందే. 10 మీటర్లలో రాత్రిపూట దూరదేశాలు అందవని కాదు, అందుతాయి, కాకపోతే ఓపిక కావాలి. 5 మీటర్ల కంటే కిందికి పోతే మాత్రం నేల చాలా శక్తిని మింగేస్తుంది.

ఏమేం కావాలి

వైరు: 1.5 లేదా 2.5 చదరపు మి.మీ. రాగి, పీవీసీ తొడుగుతో, 22 మీటర్లు. సన్న పోగులు కలిపినది కావాలి, ఒంటి తీగది గాలికి ఊగి ఊగి విరుగుతుంది. మందం బలం కోసమే. 7 మెగాహెర్ట్జ్ దగ్గర కరెంట్ రాగి ఉపరితలంలో ఓ 25 మైక్రాన్ల లోతులోనే నడుస్తుంది కాబట్టి, లావు వైరు వల్ల సిగ్నల్ పెరుగుతుందని డబ్బు పోయకండి.

కోయాక్స్ (లోపల ఒక తీగ, దాని చుట్టూ బ్రెయిడ్ అనే అల్లిన తీగల వల ఉండే కేబుల్): 50 ఓమ్‌ల ఆర్‌జీ-58, యాంటెనా మధ్య నుంచి రిగ్ దాకా ఎంత కావాలో అంత, కేబుల్ బయట నడిచే కరెంట్‌ను ఆపే చుట్టకు, అంటే చోక్‌కు, ఒకటిన్నర మీటర్లు అదనం. దీని నష్టం 7 మెగాహెర్ట్జ్ దగ్గర 100 మీటర్లకు సుమారు 4 డెసిబెల్స్. అంటే 20 మీటర్లకు 0.8 డెసిబెల్. రిగ్ 100 వాట్లు పంపితే యాంటెనాకు 83 చేరతాయి. పర్వాలేదు. అదే కేబుల్‌ను 145 మెగాహెర్ట్జ్‌కు వాడితే 20 మీటర్లలో 4 డెసిబెల్స్ పోయి 40 వాట్లే చేరతాయి. కేబుల్ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న ఫ్రీక్వెన్సీ చెప్పకుండా అడిగితే అర్థం లేనిది. డెసిబెల్ లెక్క గుర్తుంచుకోవడానికి రెండు అంకెలు చాలు: 3 డెసిబెల్స్ పోతే శక్తి సగం, 6 పోతే పావు. రిగ్ మీద సిగ్నల్ బలం చూపే ఎస్ మీటరులో ఒక గీత తేడా అంటే 6 డెసిబెల్స్. అందుకే ఆ 0.8 కోసం బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

టీవీ కేబుల్ ఆర్‌జీ-6 చేతిలో ఉంటే? అది 75 ఓమ్‌లది. విద్యుత్‌పరంగా పనికొస్తుంది. చిక్కేమిటంటే దాని బ్రెయిడ్ అల్యూమినియంది కావడంతో సోల్డర్ అంటదు. నొక్కి బిగించే కనెక్టర్లే వాడాలి.

మిగతావి: ఎఫ్‌టీ240-31 ఫెరైట్ రింగు ఒకటి, కోయాక్స్‌ను రిగ్‌కు తగిలించే పీఎల్-259 ప్లగ్, దానికి ఆర్‌జీ-58 కోసం యూజీ-175 రిడ్యూసర్, చివరలకు రెండు ఇన్సులేటర్లు, మధ్యకు 10 సెం.మీ. పొడవు, 6 సెం.మీ. వెడల్పు, 5 మి.మీ. మందం ఉన్న యాక్రిలిక్ లేదా గట్టి ప్లాస్టిక్ ముక్క, 4 మి.మీ. పాలియెస్టర్ తాడు, తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు, నల్లటి కేబుల్ టైలు. తెల్ల టైలు ఎండకు పెళుసెక్కి విరుగుతాయి. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది, పాలీప్రొపిలీన్ ఎండకు పొడి అవుతుంది, అందుకే పాలియెస్టర్. కొలతకు నానోవీఎన్‌ఏ (ఆర్, ఎక్స్, ఎస్‌డబ్ల్యూఆర్ తెరమీద చూపే చిన్న పరికరం) ఉంటే మంచిది. లేకపోతే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు. మల్టీమీటరు, 60 వాట్లకు తగ్గని సోల్డరింగ్ ఐరన్ ఎలాగూ కావాలి.

వైరు, మధ్య ముక్క

1. 10.60 మీటర్ల ముక్కలు రెండు కోయండి. కోసేముందు వైరును గట్టిగా లాగి చుట్టల వంకరలు పోగొట్టండి. మెత్తటి రాగి లాగితే కాస్త సాగుతుంది. అది ఇప్పుడే సాగిపోతే, గాల్లో వేలాడాక సాగి ఫ్రీక్వెన్సీ కిందికి జారిపోయే బెడద తగ్గుతుంది.

2. మధ్య ముక్కకు ఒక్కో పక్క రెండేసి రంధ్రాలు వేయండి. వైరును ఒక రంధ్రంలోంచి దూర్చి రెండోదాంట్లోంచి తీసి తన మీద తానే మెలేయండి. లాగుడంతా ఈ మెలిక మీదే పడాలి, సోల్డర్ జాయింట్ మీద పడకూడదు.

3. మధ్య కనెక్షన్‌కు 5 సెం.మీ., చివరి ఇన్సులేటర్ మడతకు 15 సెం.మీ. పోగా పనిచేసే పొడవు 10.40 మీటర్లు ఉండేలా చూసుకోండి. కొలత మధ్య జాయింట్ నుంచి మడత కొస దాకా. మధ్య మెలికలో పోయిన ముక్క కూడా లెక్కలోకి వస్తుంది. రెండు చేతులకూ ఒకే కొలత ఉంటే చాలు, మిల్లీమీటర్ల పట్టింపు అవసరం లేదు.

4. చివర మిగిలిన వైరును ఇన్సులేటర్ గుండా తిప్పి వెనక్కి మడిచి టైతో బిగించండి. కోయకండి. కోసిన వైరును అతకాల్సి వస్తే అదో జాయింటు, ప్రతి జాయింటూ వానాకాలం పేచీ.

చోక్ బాలన్ ఎందుకు, ఎలా

డైపోల్‌కు రెండు చేతులూ సమానం. కోయాక్స్‌కు లోపలి తీగ, బయటి బ్రెయిడ్ సమానం కావు. నేరుగా కలిపితే బ్రెయిడ్ లోపలి ముఖం మీద వచ్చిన కరెంట్‌లో కొంత భాగం చేతిలోకి పోకుండా బ్రెయిడ్ బయటి ముఖం వెంట కిందికి, రిగ్ వైపు దిగుతుంది. అదే కామన్ మోడ్ కరెంట్. అప్పుడు కోయాక్స్ కూడా యాంటెనాలో మూడో చేయి అయిపోతుంది. మాట్లాడేటప్పుడు మైకు పెదవులకు చురుక్కుమనడం, కంప్యూటర్ కీబోర్డు బిగుసుకుపోవడం, ఇంట్లోని ఎల్‌ఈడీ దీపాలు, ఛార్జర్ల రొద రిసీవర్‌లోకి ఎక్కడం, ఇవన్నీ దీని లక్షణాలే. చాలామంది దీన్ని ‘‘రిగ్ ఎర్త్ సరిగా లేదు’’ అనుకుని ఎర్తింగ్ వెంటపడతారు. మందు వేరే చోట ఉంది: కోయాక్స్‌కూ డైపోల్‌కూ మధ్య పెట్టే బాలన్, ఇక్కడ చోక్ రూపంలో.

ఫెరైట్ రింగుకు కోయాక్స్‌ను 12 చుట్లు చుట్టండి. రంధ్రం గుండా కేబుల్ ఎన్నిసార్లు దాటితే అన్ని చుట్లని లెక్క. బయట ఎన్ని కనిపిస్తున్నాయన్నది కాదు. ఒక్కో చుట్టుకు 10 సెం.మీ. చొప్పున 1.2 మీటర్ల కేబుల్ పడుతుంది. రింగుకు అంటుకుపోయేలా బిగించవద్దు. వంపు మరీ బిగిస్తే లోపలి పాలిథిన్‌లో నడిమి తీగ నెమ్మదిగా జరిగి, ఏడాది తర్వాతో రెండేళ్ల తర్వాతో బ్రెయిడ్‌ను తాకుతుంది. నురగ రకం ఇన్సులేషన్ ఉన్న కేబుల్‌ను ఈ పనికి అసలు వాడకండి.

ఈ చోక్ లోపల నడిచే సిగ్నల్‌ను పట్టించుకోదు, బ్రెయిడ్ బయట నడిచే కరెంట్‌కు మాత్రం కొన్ని వేల ఓమ్‌ల అడ్డు పెడుతుంది. అందుకు ఫెరైట్ రకం ముఖ్యం. 31 రకం ఈ బ్యాండ్‌కు బాగా నప్పుతుంది, 43 కూడా నడుస్తుంది. టీ200-2 లాంటి ఎర్ర రంగు రింగులు ఇనుప పొడివి. చూపుకు అక్కాచెల్లెళ్లే గానీ చోక్‌గా పనికిరావు. ఫెరైట్ రింగు బూడిదనలుపులో, మెరుపు లేకుండా ఉంటుంది. పాత కంప్యూటర్ పవర్ సప్లైలోంచి పీకిన పసుపు తెలుపు రింగు ఇనుప పొడిదే, దాన్ని పక్కన పెట్టండి.

చోక్ మధ్య ముక్కకు వీలైనంత దగ్గరగా ఉండాలి. చోక్ దాటి వచ్చిన కోయాక్స్ కొసను 3 సెం.మీ. విప్పి, లోపలి తీగను ఒక చేతికి, మెలితిప్పిన బ్రెయిడ్‌ను రెండో చేతికి సోల్డర్ చేయండి. ఏది ఎటన్నది పట్టింపు లేదు. సోల్డర్ పట్టిన వైరు గట్టిపడి, ఆ గట్టిదనం ఎక్కడ ఆగుతుందో సరిగ్గా అక్కడే ఊగుడుకు విరుగుతుంది. కాబట్టి జాయింట్ పక్కన చిన్న వదులు వంపు ఉంచి, ఊగకుండా టైతో కట్టేయండి. కోయాక్స్ బరువు కూడా మధ్య ముక్కే మోయాలి. కేబుల్‌ను ముక్కలోని రెండు రంధ్రాల గుండా టైలతో బిగించండి.

పీఎల్-259

ఎక్కువ యాంటెనాలు చెడేది ఇక్కడే, అదీ తొందరపాటు వల్ల.

ముందు బిగింపు రింగునూ రిడ్యూసర్‌నూ కేబుల్ మీదికి ఎక్కించండి. ఇది మరిచి సోల్డర్ చేశాక మళ్లీ విప్పే పని అందరికీ ఒకసారైనా పడుతుంది. బయటి తొడుగును 19 మి.మీ. తీసేయండి, బ్రెయిడ్ పోగులకు బ్లేడు గాటు పడకూడదు. బ్రెయిడ్‌ను విప్పార్చి వెనక్కి మడిచి రిడ్యూసర్ మీద పరచండి, 10 మి.మీ. ఉంచి మిగతాది కత్తిరించండి. లోపలి తీగ 16 మి.మీ. బయటపడేలా పాలిథిన్ తీసి, తీగకు సోల్డర్ పూయండి. తర్వాత ప్లగ్‌ను రిడ్యూసర్ మీదికి మరలాగా తిప్పి బిగించండి. ప్లగ్ పక్కనున్న రంధ్రాల గుండా బ్రెయిడ్‌కు, కొసన ఉన్న పిన్నులోకి లోపలి తీగకు సోల్డర్ పోయండి.

ఐరన్ పెద్దదిగా ఉండాలనడానికి కారణం ఉంది. సోల్డర్ 183 డిగ్రీల పైన గానీ కరగదు, పాలిథిన్ 110 ప్రాంతంలోనే మెత్తబడుతుంది. 25 వాట్ల ఐరన్‌తో ఇత్తడి ప్లగ్‌ను వేడిచేస్తూ కూర్చుంటే సోల్డర్ కరిగేలోపు లోపలి ఇన్సులేషన్ కారిపోతుంది. పెద్ద ఐరన్‌తో క్షణాల్లో పని ముగించి తీసేయడమే కేబుల్‌కు మేలు. యాసిడ్ ఫ్లక్స్ జోలికి పోకండి, రోజిన్ నింపిన సోల్డరే వాడండి.

అయ్యాక మల్టీమీటరు: పిన్నుకూ పైతొడుగుకూ మధ్య కనెక్షన్ ఉండకూడదు. ఈ రకం చోక్‌తో, డైపోల్ తగిలించాక కూడా ఓపెన్‌గానే ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్ రకం 4:1 బాలన్ వాడినవాళ్లకు మాత్రం షార్ట్ చూపిస్తుంది, అది తప్పు కాదు.

పైకెత్తి కొలవడం

యాంటెనాను అది ఉండబోయే ఎత్తులోనే, ఉండబోయే కోణంలోనే కొలవాలి. నేలకు రెండు మీటర్ల ఎత్తులో సరిచేసిన కొలత పైకెత్తాక మారిపోతుంది.

నానోవీఎన్‌ఏతో అయితే ముందు 6 నుంచి 8 మెగాహెర్ట్జ్ పరిధి పెట్టి, ఆ తర్వాత ఓపెన్, షార్ట్, లోడ్ వరసలో క్యాలిబ్రేట్ చేయండి. పరిధి మారిస్తే మళ్లీ చేయాలి. కోయాక్స్‌ను పరికరానికి తగిలించేముందు ప్లగ్ పిన్నునూ తొడుగునూ ఒకసారి స్క్రూడ్రైవర్‌తో కలపండి. గాలికి వైరు మీద పోగుపడిన స్టాటిక్ చార్జీ ఆ పరికరాన్ని చిటికెలో చంపగలదు. అది తగిలించి ఉండగా రిగ్ నుంచి ప్రసారం చేయరాదని వేరే చెప్పక్కర్లేదు.

ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు ఒక్కటే ఉంటే: రిగ్‌ను 5 వాట్లకు తగ్గించి, సీడబ్ల్యూ (మోర్స్) లేదా ఏఎం మోడ్‌లో పెట్టండి. మాటలకు వాడే ఎస్‌ఎస్‌బీలో మాట లేకుండా క్యారియర్ ఉండదు కాబట్టి ముల్లు కదలదు. ఆ ఫ్రీక్వెన్సీలో ఎవరూ లేరని విని, కాల్‌సైన్ చెప్పి, 7.000, 7.050, 7.100, 7.150, 7.200 దగ్గర క్షణకాలం చొప్పున రీడింగ్ తీసి కాగితం మీద రాయండి. రిగ్‌లో ఆటోమేటిక్ ట్యూనర్ (యాంటెనా సరిపోకపోయినా రిగ్‌కు 50 ఓమ్‌లుగా కనిపించేలా సర్దేది) ఉంటే తప్పకుండా ఆపేయండి. లేకపోతే మీటరు యాంటెనాను కాక ట్యూనర్ పనితనాన్ని చూపిస్తుంది.

ఎస్‌డబ్ల్యూఆర్ అనేది యాంటెనా ఇంపెడెన్స్ 50 ఓమ్‌లకు ఎంత దూరంలో ఉందో చెప్పే నిష్పత్తి. రియాక్టెన్స్ లేకుండా 75 ఓమ్‌లుంటే 1.5. అప్పుడు 4 శాతం శక్తి వెనక్కి మళ్లుతుంది. 2 అయితే 11 శాతం, 3 అయితే 25 శాతం. మళ్లిన శక్తంతా వృథా అయినట్టు కాదు. ట్యూనర్ దగ్గర అది తిరిగి యాంటెనా వైపు మళ్లుతుంది, ఆ రాకపోకల్లో కేబుల్ మింగేదే నష్టం. పైన చెప్పిన 20 మీటర్ల ఆర్‌జీ-58లో ఎస్‌డబ్ల్యూఆర్ 2 ఉంటే అదనంగా పోయేది 0.2 డెసిబెల్ కంటే తక్కువే. ఎదుటివాడి చెవికి అది తెలియను కూడా తెలియదు. ఎస్‌డబ్ల్యూఆర్ పెరిగినప్పుడు రిగ్ తన ఫైనల్ ట్రాన్సిస్టర్లను కాపాడుకోవడానికి పవర్ తగ్గించేస్తుంది, మనం పట్టించుకోవలసింది అందుకు. బ్యాండ్ మధ్యలో 1.5 లోపు, అంచుల్లో 2 లోపు వస్తే పని అయిపోయినట్టే. 1.1 కోసం సాయంత్రాలు తగలేయడం హామ్‌ల పాత జబ్బు.

సరిచేయడం

మొదటి కొలతలో కనిష్ఠ ఎస్‌డబ్ల్యూఆర్ బ్యాండ్ కిందే ఎక్కడో కనబడుతుంది, ఎందుకంటే వైరు కావాలనే పొడుగ్గా ఉంచాం. ఉదాహరణకు అది 6.80 మెగాహెర్ట్జ్ దగ్గర ఉందనుకోండి. కొత్త పొడవు = ఇప్పటి పొడవు × కొలిచిన ఫ్రీక్వెన్సీ ÷ కావలసిన ఫ్రీక్వెన్సీ. అంటే 10.40 × 6.80 ÷ 7.10 = 9.96 మీటర్లు. ఒక్కో చివర 44 సెం.మీ. వెనక్కి మడవాలి.

మొత్తం ఒకేసారి మడవకండి. ముందు 35 సెం.మీ. మడిచి, పైకెత్తి, మళ్లీ కొలవండి. 40 మీటర్ల బ్యాండ్‌లో రెండు పక్కలా ఒక్కో సెంటీమీటరు తగ్గిస్తే రెసొనెన్స్ సుమారు 7 కిలోహెర్ట్జ్ పైకి జరుగుతుంది. మిగిలింది ఈ లెక్కతో పూర్తిచేయండి. తొడుగున్న వైరును మడిచినప్పుడు మడత ముక్క కూడా కొంచెం ప్రభావం చూపుతుంది. అందుకే లెక్క కంటే ఫ్రీక్వెన్సీ కాస్త కిందే ఆగుతుంది. మడతను వైరుకు అంటుకునేలా మెలిపెట్టి కడితే ఈ తేడా తగ్గుతుంది.

ఎస్‌డబ్ల్యూఆర్ మీటరుతో దిశ కనుక్కోవడమూ సులువే. 7.000 నుంచి 7.200 వైపు వెళ్తుంటే రీడింగ్ పెరుగుతోందా? వైరు పొడుగు, మడవండి. తగ్గుతోందా? వైరు పొట్టి, మడత విప్పండి. మధ్యలో తగ్గి రెండు పక్కలా పెరిగితే చేతులు దులుపుకుని దిగిపోవచ్చు. కనిష్ఠం సరైన చోటే ఉండి, అది 1.6 ప్రాంతంలో ఆగిపోతే అది పొడవు సమస్య కాదు, రెసిస్టెన్స్ 50కి దూరంగా ఉందని. వైరును మడిచి విప్పినా మారదు. చివరలను కాస్త కిందికి దించి ఇన్వర్టెడ్ వీ కోణం తగ్గిస్తే రెసిస్టెన్స్ తగ్గుతుంది. లేదా అలాగే వదిలేయండి, నష్టమేమీ లేదు.

కింద నుంచి కొలిస్తే కేబుల్ కూడా కొలతలో కలుస్తుంది, ఆర్, ఎక్స్ అంకెలు మారిపోతాయి. అసలు అంకెలు కావాలంటే ఒక ఉపాయం ఉంది. కేబుల్ సగం తరంగదైర్ఘ్యం పొడవుంటే పైనున్న ఇంపెడెన్స్ కిందా అలాగే కనిపిస్తుంది. అయితే కోయాక్స్‌లో తరంగం గాలిలోకంటే నెమ్మది. ఆర్‌జీ-58 వెలాసిటీ ఫ్యాక్టర్ 0.66. కాబట్టి 21.1 × 0.66 = 13.9 మీటర్లు. రిగ్ దాకా 13.9 మీటర్లు సరిపోతే అదే పొడవు కోసుకోండి. సరిపోకపోతే దీనికోసం కష్టపడనక్కర్లేదు, ఎస్‌డబ్ల్యూఆర్ ఎలాగూ దాదాపు అంతే కనిపిస్తుంది.

అనుమానాలు, కారణాలు

ఎస్‌డబ్ల్యూఆర్ అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ 10 దాటి ఉందంటే ఎక్కడో తెగింది లేదా షార్ట్ అయింది. కేబుల్ పైకొసకు 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (యాంటెనా బదులు పెట్టే రెసిస్టర్) పెట్టి కొలవండి. 1కి దగ్గరగా వస్తే కేబుల్, ప్లగ్ నిక్షేపం, తప్పు పైన ఉంది.

దీనికి తిరగేసింది ఇంకా ప్రమాదకరం: ఎక్కడ కొలిచినా 1.2, గీత గీసినట్టు చదునుగా. కొత్తవాళ్లు సంబరపడేది దీన్ని చూసే. డమ్మీ లోడ్ ఎస్‌డబ్ల్యూఆర్ కూడా 1, అయినా అది ఒక్క మాటా బయటికి పంపదు. కాబట్టి పైకొసలో యాంటెనా విప్పేసి కొలవండి. మంచి కేబుల్‌లో రీడింగ్ చాలా ఎక్కువకు ఎగబాకాలి. విప్పినా 3 దాటడం లేదంటే ఆ కేబుల్ ఒక్కవైపు ప్రయాణానికే 3 డెసిబెల్స్, అంటే సగం శక్తి తినేస్తోంది. నీళ్లు దిగి బ్రెయిడ్ నల్లబడిన కేబుల్‌లో ఇలాగే ఉంటుంది. దానికి చికిత్స లేదు, మార్చడమే.

కోయాక్స్‌ను చేత్తో పట్టుకున్నా, జరిపినా రీడింగ్ మారుతోందా? బ్రెయిడ్ బయట కరెంట్ ఉంది. చోక్ చుట్లు మళ్లీ లెక్కపెట్టండి, రింగు రకం మళ్లీ చూడండి. కోయాక్స్ యాంటెనా నుంచి కొంత దూరం దాకా లంబంగా దిగుతోందా అన్నది కూడా చూడాలి. ఒక చేతికి సమాంతరంగా పోతే చోక్ తర్వాత కూడా కరెంట్ ఎక్కుతుంది.

తక్కువ పవర్‌లో బాగుండి, 100 వాట్లలో కొద్దిసేపటికి ఎస్‌డబ్ల్యూఆర్ పెరుగుతుంటే ఏదో వేడెక్కుతోంది. సగం అతికిన సోల్డర్ గానీ, ఫెరైట్ గానీ. ప్రసారం ఆపి వెంటనే ప్లగ్‌ను తాకి చూడండి. వాన పడినప్పుడు రెసొనెన్స్ కొద్దిగా కిందికి జరిగి, ఆరాక తిరిగొస్తే అది తడిసిన పీవీసీ మహిమ, సహజమే. ఆరినా తిరిగి రాకపోతే నీళ్లు లోపలికి వెళ్లాయి.

ఇదే డైపోల్ 21 మెగాహెర్ట్జ్‌లోనూ పలుకుతుంది, మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ కాబట్టి. కాకపోతే ఎండ్ ఎఫెక్ట్ కొసల్లోనే ఉండటం వల్ల ఆ రెసొనెన్స్ సరిగ్గా మూడు రెట్ల దగ్గర కాక ఇంకా పైన పడుతుంది, తరచూ 21.450 దాటిపోతుంది. ట్యూనర్‌తో సర్దుకోవచ్చు. 14 మెగాహెర్ట్జ్‌కు మాత్రం ప్రయత్నించకండి. అక్కడ మధ్యలో ఇంపెడెన్స్ వేల ఓమ్‌లకు పోయి కోయాక్స్‌లో నష్టం విపరీతంగా పెరుగుతుంది.

నీళ్లు, పిడుగులు, మొదటి ప్రసారం

మధ్య జాయింట్ మీద రబ్బరు టేపును రెట్టింపు పొడవుకు సాగదీస్తూ, సగం సగం కప్పుతూ కింది నుంచి పైకి చుట్టండి. అప్పుడు పొరలు పెంకుటిల్లు కప్పులా పైది కిందిదాన్ని కప్పి నీటిని జార్చేస్తాయి. సాగదీయకపోతే అది అతుక్కోదు. పైన నల్ల వినైల్ టేపు ఒక వరస. కోయాక్స్ తెరిచిన కొస నీటికి గొట్టమే, అక్కడ బొట్టు కూడా దూరకూడదు. ఇంట్లోకి వెళ్లేచోట కేబుల్‌ను గోడ రంధ్రం కంటే కిందికి ఒక వంపు దించి పైకి తీసుకెళ్లండి, నీళ్లు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి.

ఉరుములు మొదలవకముందే కోయాక్స్ రిగ్ నుంచి విప్పి ఇంటి బయటే వదిలేయండి. విప్పిన కొసను బల్ల మీద పెట్టడం రక్షణ కాదు. ఉరుము వినపడ్డాక విప్పడానికి పరిగెత్తవద్దు. కేబుల్ ఇంట్లోకి వచ్చేచోట ఎర్త్ చేసిన లైట్నింగ్ అరెస్టర్ పెట్టుకుంటే స్టాటిక్ చార్జీ బెడద కూడా తగ్గుతుంది.

యాంటెనా ఎంతవరకు చేరుతోందో తెలుసుకోవడానికి ఎఫ్‌టీ8 అనే డిజిటల్ మోడ్ మంచి సాధనం. 7.074 మెగాహెర్ట్జ్, యూఎస్‌బీలో (అప్పర్ సైడ్‌బ్యాండ్) నాలుగైదుసార్లు సీక్యూ (ఎవరైనా జవాబివ్వండి అనే పిలుపు) పిలిచి, పీఎస్‌కే రిపోర్టర్ వెబ్‌సైట్ మ్యాప్‌లో మీ కాల్‌సైన్ ఎక్కడెక్కడ వినబడిందో చూడండి. పగలు ఒకసారి, చీకటిపడ్డాక ఒకసారి చేయండి, తేడా మ్యాప్ మీదే కనిపిస్తుంది. ఈ మోడ్‌లో మనం ప్రసారం చేసే ప్రతి 15 సెకన్ల వంతులో దాదాపు 13 సెకన్లు పూర్తి పవర్ నడుస్తుంది కాబట్టి రిగ్‌ను 25 నుంచి 30 వాట్ల దగ్గర ఉంచండి. మాటలకైతే ఈ బ్యాండ్‌లో వాడుక ఎల్‌ఎస్‌బీ (లోయర్ సైడ్‌బ్యాండ్).

చివరి కొలతలను, అంటే కనిష్ఠం ఏ ఫ్రీక్వెన్సీలో, ఎంత, 7.000, 7.200 దగ్గర ఎంత అన్నవి, తేదీతో సహా లాగ్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి. వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి అవే మూడు చోట్ల కొలిచి పోల్చండి. కనిష్ఠం 20, 30 కిలోహెర్ట్జ్ జరిగితే తాడు సడలిందో వైరు సాగిందో చూడండి. మొత్తం గీత చదునెక్కితే కేబుల్ పైకొస విప్పి పరీక్షించండి.